ఊరి రైల్వే గేటు దగ్గర ప్రమాదం జరగకుండా: పంచాయతీలకు, డ్రైవర్లకు దశలవారీ మార్గదర్శి

గేటు వేయడం, సిగ్నల్ ఇవ్వడం రైల్వే పని. గేటు బయట పెరిగే తుప్పలు, గుంతల రోడ్డు, ట్రాలీ మీద లోడు ఎత్తు, పట్టాల మీద బండి ఆగిపోతే ఎవరు ఎటు పరిగెత్తాలి అన్నది మాత్రం ఊరి చేతిలో ఉన్న పని. ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఈ రెండో పని గురించే. అవగాహన సదస్సు పెట్టి ఫొటో దిగడం కన్నా గేటు మలుపులో సర్కారు తుమ్మ కొట్టించడం ఎక్కువ మందిని కాపాడుతుంది.

## 1. మీది ఏ రకం క్రాసింగో ముందు తేల్చుకోండి

చూడటానికి గేట్లన్నీ ఒకేలా ఉంటాయి, పనిచేసే తీరు మాత్రం వేరు. గేట్‌మన్‌ను అడిగితే చెబుతాడు.

ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు. గేటు పూర్తిగా పడి తాళం పడితే తప్ప రైలుకు పచ్చ సిగ్నల్ రాదు. గేటు తెరిచి ఉంటే రైలు సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. ఉన్నవాటిలో ఇదే భద్రమైనది.

ఇంటర్‌లాకింగ్ లేని గేటు. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి రైలు వస్తోందని చెబుతాడు. మాట ఖాయమైందనడానికి గుర్తుగా ఇద్దరూ ప్రైవేట్ నంబరు (రహస్య సంఖ్య) ఇచ్చిపుచ్చుకుంటారు. గేట్‌మన్ గేటు వేస్తాడు. అంతా ఆ ఫోన్ మీద, ఆ మనిషి మీద ఆధారపడి ఉంటుంది. 2025 జులై 8న తమిళనాడులోని కడలూరు దగ్గర సెమ్మంగుప్పంలో స్కూల్ వ్యాన్‌ను రైలు ఢీకొన్నది కాపలా మనిషి ఉన్న ఇలాంటి గేటు దగ్గరే. గేటు తెరిచి ఉంది కదా అని కళ్లు మూసుకుని వెళ్లకూడదనేది ఇందుకే.

కాపలా లేని క్రాసింగ్. బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) రైల్వే లైన్ల మీద వీటిని 2019 జనవరి 31 నాటికి పూర్తిగా తీసేశారు. అయితే ఫ్యాక్టరీలకు, గనులకు వెళ్లే సొంత లైన్లు వేరు. సింగరేణి బొగ్గును రామగుండం ఎన్టీపీసీకి చేర్చే ఎంజీఆర్ (మెర్రీ-గో-రౌండ్) లైను లాంటివి మీ పక్కన ఉంటే, రోడ్డు దాటే చోట ఏ ఏర్పాటు ఉందో ఆ సంస్థనే అడిగి తెలుసుకోండి.

అడ్డదారి. కంచె తొలగించి, కట్ట ఎక్కి దాటే కాలిబాట. ఇది క్రాసింగే కాదు. రైలు డ్రైవర్‌కు అక్కడ మనుషులు ఉంటారన్న సంగతే తెలియదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

## 2. నంబర్ల కాగితం తయారు చేయండి

ఇది పది నిమిషాల పని. ప్రమాదం వేళ దీని విలువ తెలుస్తుంది. "మా ఊరి గేటు దగ్గర ట్రాక్టర్ ఆగిపోయింది" అని ఫోన్ చేస్తే కంట్రోల్ గదిలో ఉన్నవాళ్లకు అర్థమయ్యేది ఏమీ ఉండదు. ఒకే పేరుతో నాలుగు ఊళ్లుంటాయి.

కాగితం మీద ఉండాల్సినవి:

- ఎల్‌సీ (లెవెల్ క్రాసింగ్) గేటు నంబరు (గేటు గది గోడ మీద లేదా పక్కన బోర్డు మీద ఉంటుంది)
- కిలోమీటరు నంబరు. విద్యుత్ లైను ఉంటే దగ్గరి స్తంభం నంబరు కూడా. 412/17 అని ఉంటే 412వ కిలోమీటరులో 17 నంబరు స్తంభం
- రెండు వైపులా దగ్గరి స్టేషన్ల పేర్లు
- లైన్లు ఎన్ని: ఒకటా, రెండా, మూడా
- ఆ లైను ఏ రైల్వే డివిజన్ కిందికి వస్తుంది
- రైల్వే హెల్ప్‌లైన్ 139, అత్యవసర నంబరు 112

దీన్ని పెద్ద అక్షరాలతో గేటుకు రెండు వైపులా ఉన్న టీ కొట్టు, పాల కేంద్రం, బడి గోడ మీద అంటించండి. స్కూల్ వ్యాన్లలోనూ, హార్వెస్టర్ క్యాబిన్‌లోనూ ఒక్కో ప్రతి ఉండాలి. హార్వెస్టర్ డ్రైవర్లు చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వస్తారు, కాబట్టి వాళ్లకు హిందీలో కూడా రాసి ఇవ్వండి.

## 3. చూపు ఎంత దూరం ఆనుతుందో కొలవండి

ముందు లెక్క. రెండు లైన్ల క్రాసింగ్‌లో ఇవతలి పట్టాకు 3 మీటర్ల ముందు నుంచి అవతలి పట్టాకు 3 మీటర్ల తర్వాత దాకా ప్రమాదపు జాగా సుమారు 13 మీటర్లు. ట్రాక్టర్, ట్రాలీ కలిపి 9 మీటర్లు అనుకుందాం. వెనక చక్రం కూడా బయటపడాలంటే బండి 22 మీటర్లు కదలాలి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో దానికి 16 సెకన్లు. క్లచ్ వదిలి కదలడానికి మరో 3. మొత్తం 19 సెకన్లు.

110 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు 30 మీటర్లు దాటుతుంది. 19 సెకన్లలో దాదాపు 580 మీటర్లు. కాజీపేట–బల్హార్షా, విజయవాడ–గూడూరు లాంటి మార్గాల్లో వేగం 130 దాకా ఉంటుంది, అక్కడ ఇదే లెక్క 690 మీటర్లకు చేరుతుంది. అంటే ట్రాక్టర్ డ్రైవర్‌కు కనీసం 600 నుంచి 700 మీటర్ల దాకా ట్రాక్ కనబడాలి. రెండు ట్రాలీల చెరకు లోడు అయితే ఇంకో 3, 4 సెకన్లు కలుపుకోండి.

కొలిచే పద్ధతి:

1. పగటిపూట, రైలు లేనప్పుడు, రోడ్డు మీదే నిలబడండి. పట్టాల వెంట నడిచి కొలవకండి. అది ప్రమాదం, నేరం కూడా.
2. ఇవతలి పట్టాకు 5 మీటర్ల దూరంలో ఆగి, డ్రైవర్ కళ్ల ఎత్తులో చూడండి. బైకు మీద కూర్చుని ఒకసారి, ట్రాక్టర్ సీటు మీద నుంచి ఒకసారి.
3. ఒక వైపు విద్యుత్ స్తంభాలు లెక్కపెట్టండి. వాటి మధ్య దూరం సాధారణంగా 50 నుంచి 70 మీటర్లు. 12 స్తంభాలు స్పష్టంగా కనబడితే 600 మీటర్లు ఉన్నట్టే. ఏడెనిమిదికే చూపు ఆగిపోతే అక్కడ ఏం అడ్డమొస్తోందో రాసుకోండి.
4. రెండో వైపు కూడా ఇలాగే. తర్వాత అవతలి ఒడ్డు నుంచి మళ్లీ. మొత్తం నాలుగు కొలతలు.
5. సంక్రాంతి ముందు పొగమంచు రోజున, తెల్లవారుజామున మరోసారి చూడండి. అంకె సగానికి పడిపోతుంది.

అడ్డం వచ్చేవి ఎక్కువగా ఇవి: సర్కారు తుమ్మ, గడ్డివాములు, ఫ్లెక్సీలు, పాడుబడ్డ గోడలు, ఎవరో పోసిన మట్టికుప్ప. పంచాయతీ రోడ్డు పక్కన ఉన్నవి పంచాయతీ తీయించాలి. రైల్వే హద్దు రాళ్ల లోపల ఉన్నవి రైల్వేవాళ్లే తీయాలి. మీరు గొడ్డలి పట్టుకుని వెళ్లకండి. తుమ్మను పైపైన నరికితే రెండు వానలకు మళ్లీ అంతే పెరుగుతుంది, వేరుతో సహా తీయించాలి.

## 4. రోడ్డు వైపు లోపాలు సరిచేయండి

గేట్ల మధ్య రోడ్డు రైల్వేది. బయటిది పంచాయతీరాజ్ లేదా ఆర్ అండ్ బీ శాఖది. గుంత ఎవరి హద్దులో ఉందో తేలక ఏళ్లు గడిచిపోతాయి, కాబట్టి హద్దు రాయితో సహా ఫొటో తీసి ఇద్దరికీ పంపండి.

మూపురంలా లేచిన ట్రాక్. ట్రాక్‌కు కంకర కొట్టి లేపిన ప్రతిసారీ పట్టాలు కొద్దికొద్దిగా పైకి వస్తాయి. బయటి రోడ్డు మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోతుంది. చివరికి కిందికి వంగిన ట్రైలర్లు, లోడు ఆటోలు మధ్యలో పొట్ట ఆని ఇరుక్కుంటాయి. దీనికి మందు బయటి రోడ్డును దూరం నుంచి ఏటవాలుగా లేపుకుంటూ రావడమే. పట్టాల పక్కన మట్టి పోస్తే మొదటి వానకే కొట్టుకుపోతుంది.

స్పీడ్ బ్రేకర్. ఊళ్లలో తారు ముద్దలా పోసేస్తారు. దానికి ట్రాలీ పిన్ను విరిగి బండి పట్టాల దగ్గరే కూలబడుతుంది. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం గుండ్రటి బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. పట్టాలకు మరీ దగ్గరగా వేస్తే దాటిన బస్సు ముందు చక్రాలు బ్రేకర్ దగ్గర నెమ్మదించేసరికి వెనక చక్రాలు ఇంకా ట్రాక్ మీదే ఉంటాయి. ఆ దారిలో నడిచే అతి పొడవైన బండి పొడవు కన్నా ఎక్కువ దూరంలో, ఓ 20 మీటర్ల అవతల వేయించండి.

హెచ్చరిక బోర్డులు. రెండు అడ్డగీతలున్న బోర్డు 200 మీటర్ల దూరంలో, ఒక గీత ఉన్నది 50 నుంచి 100 మీటర్ల దూరంలో ఉండాలి. కొమ్మలు కప్పేసిన బోర్డు ఉన్నా లేనట్టే.

గేటు అవతల జాగా. సంత రోజున అవతలి ఒడ్డున బండ్లు నిలిపేస్తే, దాటుతున్నవాడు పట్టాల మీద ఇరుక్కుంటాడు. రెండు వైపులా 30 మీటర్ల దాకా తోపుడు బండి, ఆటో ఏదీ ఆగకుండా సున్నం గీత గీయండి. ఈ ఒక్క పనికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదు, ఊరి పెద్దల మాట చాలు.

## 5. దాటే పద్ధతి

అందరికీ వర్తించే వరుస:

1. గేటు తెరిచి ఉన్నా పట్టాల ముందు నెమ్మదించండి. పాటలు ఆపండి, కిటికీ దించండి, ఇయర్‌ఫోన్ తీయండి.
2. అవతలి ఒడ్డున మీ బండి మొత్తం పట్టేంత జాగా ఉందా? లేకపోతే ఇవతలే ఆగండి, వెనకవాడు ఎంత హారన్ కొట్టినా సరే.
3. రెండు వైపులా చూడండి. ఒక రైలు వెళ్లిపోయాక వెంటనే కదలకండి. రెండో లైను మీద వచ్చే రైలు శబ్దం మొదటి రైలు మోతలో కలిసిపోతుంది. మూడో లైను వేసిన చోట పాత అలవాటు ఇంకా ప్రమాదం.
4. ముందే తక్కువ గేరు వేసుకోండి. పట్టాల మీద గేరు మార్చకండి.
5. దాటాక వెంటనే బ్రేకు వేయకండి. వెనక వస్తున్నవాడు ట్రాక్ మీద ఉంటాడు.

స్కూల్ వ్యాన్. కాపలా లేని క్రాసింగ్ దగ్గర బండి ఆపి, క్లీనరో ఆయానో దిగి, నడిచి వెళ్లి రెండు వైపులా చూసి, ముందు నడుస్తూ బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ చెప్పేది ఇదే. ఇంటర్‌లాకింగ్ లేని గేటు దగ్గర కూడా వ్యాన్లు ఇదే పాటించాలని బడి యాజమాన్యం చేత రాయించుకోండి. నిమిషం ఆలస్యమైనా నష్టం లేదు.

బైకు, సైకిల్. పట్టా పక్కన రైలు చక్రపు అంచు కోసం 5 సెంటీమీటర్లకు పైగా సందు వదులుతారు. సైకిల్ టైరు అందులో దిగిపోతుంది. రోడ్డు ఏటవాలుగా ఉన్నా మీరు పట్టాలకు నిలువుగా, సూటిగా దాటండి. వానలో తడిసిన పట్టా మీద బ్రేకు వేయొద్దు. పడిన గేటు కింద నుంచి బండి వంచి దూరడం గురించి వేరే చెప్పక్కర్లేదు. మూసిన గేటును తెరిస్తే రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా, విరగ్గొడితే ఐదేళ్ల దాకా జైలు ఉంది.

దమ్ము ట్రాక్టర్, నాగలి, బ్లేడు. ఇనుప చక్రాలతో గేటు దాటకండి, విప్పి ట్రాలీలో వేసుకోండి. బ్లేడు, గొర్రు పూర్తిగా పైకి లేపాలి. ఇనుము రెండు పట్టాలనూ ఒకేసారి తాకిందంటే కొన్ని చోట్ల సిగ్నల్ ఎర్రగా మారిపోతుంది.

మంద. గొర్రెల మందకు ముందొకరు, వెనకొకరు తప్పనిసరి. గేట్‌మన్‌కు చెప్పి, రైలు లేదని తెలుసుకున్నాకే మొదలుపెట్టండి. సగం మంద దాటాక గేటు పడితే గొర్రెలు తోటివాటి కోసం వెనక్కి పరిగెడతాయి, కాపరి వాటి వెంట పరిగెడతాడు. సరిగ్గా ఇక్కడే ప్రాణాలు పోతాయి.

## 6. పైన 25 వేల వోల్టుల తీగ

విద్యుదీకరణ జరిగిన లైన్ల గేట్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా ఇనుప కమ్మీ ఉంటుంది. దాని ఎత్తు సాధారణంగా 4.67 మీటర్లు. లోడు దానికి తగిలితే దించుకోవాలి; కమ్మీని వంచి లేదా పక్క నుంచి తప్పించుకుని వెళ్లకూడదు. ఈ తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోతేనే కరెంటు దూకుతుంది. కనీసం 2 మీటర్ల దూరం ఉండాలి.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి:

- గడ్డి, పత్తి లోడు ఎత్తు నేల నుంచి కొలిచారా? కళ్లతో అంచనా వేస్తే అర మీటరు తప్పుతుంది
- లోడు మీద మనిషి కూర్చున్నాడా? దించండి. లోడు సరిపోయినా మనిషి సరిపోడు
- బోరు పైపులు, వెదురు బొంగులు, జెండా కర్రలు పడుకోబెట్టారా?
- హార్వెస్టర్ ధాన్యం గొట్టం మడిచారా?

వినాయక విగ్రహాలు, కోటప్పకొండ తిరునాళ్లకు కట్టేలాంటి ఎత్తైన ప్రభలు గేటు దాటాలంటే ముందుగానే డివిజన్ కార్యాలయానికి రాసి అనుమతి తీసుకోవాలి. అవసరమైతే వాళ్లు కరెంటు ఆపి, మనిషిని పంపి దాటిస్తారు. ఊరేగింపు రోజు సాయంత్రం వెళ్లి గేట్‌మన్‌ను బతిమాలితే ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

తీగ తెగి బండి మీద పడితే దగ్గరికి ఎవరూ పోవద్దు. లోపలివాళ్లు కదలకుండా ఉండి, కరెంటు తీసేశారని తెలిశాకే దిగాలి. మంట అంటుకుంటేనో రైలు వస్తుంటేనో బండిని, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, కాళ్లు ఎత్తకుండా చిన్నగా జరుపుకుంటూ దూరం వెళ్లాలి.

## 7. పట్టాల మీద బండి ఆగిపోతే

ట్రాక్టర్ ఖరీదు లక్షల్లో ఉంటుంది కాబట్టి అందరూ ముందు దాన్ని తోయడానికి పరిగెత్తుతారు. వేగంగా వచ్చే రైలు అత్యవసర బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది. కాబట్టి వరుస మార్చకండి.

1. అందరూ దిగాలి. సంచులు, ఫోన్లు వదిలేయండి. పిల్లలు ముందు.
2. పట్టాలకు దూరంగా, రైలు వచ్చే దిక్కుకు ఏటవాలుగా వెళ్లండి. ఢీకొంటే బండి ముక్కలు రైలు వెళ్లే దిక్కుకు ఎగురుతాయి.
3. గేట్‌మన్‌కు చెప్పండి. ఆయన స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు, గేటు సిగ్నల్ ఉంటే ఎర్రగా ఉంచుతాడు. గేట్‌మన్ లేకపోతే 139కి ఫోన్ చేసి నంబర్ల కాగితం చదవండి: గేటు నంబరు, కిలోమీటరు, రెండు స్టేషన్లు, ఏ లైను.
4. రెండు వైపులా మనుషులు పరిగెత్తాలి. గేట్‌మన్ 600 మీటర్ల దగ్గర ఒకటి, 1,200 మీటర్ల దగ్గర 10 మీటర్లకొకటి చొప్పున మూడు డిటొనేటర్లు (చక్రం ఎక్కగానే పేలి రైలు డ్రైవర్‌ను హెచ్చరించేవి) పట్టా మీద పెట్టాలి. కానీ ఆయన ఒక్కడే, ఒకేసారి రెండు దిక్కులా వెళ్లలేడు. రెండో వైపు ఊరివాళ్లు ఎర్ర గుడ్డతో పరిగెత్తాలి. పట్టాల మధ్య కాకుండా కట్ట అంచున వెళ్లండి.
5. ఆపే సైగ. పగలు ఎర్ర గుడ్డ ఊపండి. గుడ్డ లేకపోతే రెండు చేతులూ తల పైకి నిలువుగా ఎత్తి నిలబడండి. రాత్రి ఎర్ర లైటు. అది లేకపోతే టార్చీనో ఫోన్ లైటునో ఒంటికి అడ్డంగా వేగంగా ఊపండి. రైలు డ్రైవర్లు గుర్తుపట్టే సైగలు ఇవే.
6. ఇవన్నీ అయ్యాక, రైలు ఆపారని గేట్‌మన్ చెప్పాకే బండిని లాగే పని.

గేటు దగ్గర టీ కొట్టులో రెండు మీటర్ల ఎర్ర గుడ్డలు రెండు, టార్చీలు రెండు ఉంచండి. ఆరు నెలలకోసారి సెల్లు మార్చండి. ఎవరు ఏ దిక్కుకు వెళ్లాలో పేర్లతో సహా ముందే అనుకోండి.

## 8. అండర్ బ్రిడ్జి ఉన్న ఊళ్లు

గేటు తీసేసి కింద నుంచి దారి ఇచ్చిన చోట అసలు సమస్య వానాకాలంలో మొదలవుతుంది. నీళ్లు నిలవగానే జనం కట్ట ఎక్కి పట్టాల మీదుగా దాటతారు. అంటే పాత క్రాసింగే, ఈసారి గేటు లేకుండా.

జూన్ లోపల చేయాల్సినవి: లోపలి గోడ మీద నేల నుంచి 15 సెంటీమీటర్లకొక గీత, 30 దగ్గర ఎర్ర గీత గీయించండి. ఎర్ర గీత మునిగితే ఏ బండీ దిగకూడదు. దిగుడు మొదట్లో రోడ్డుకు అడ్డంగా చిన్న కట్టలాంటి మిట్ట వేయించండి, పొలాల నీళ్లు లోపలికి జారవు. కాలువ, సంపు పూడిక తీయించండి. మోటారు ఉంటే తాళంచెవి ఊళ్లో ఎవరి దగ్గరుందో తెలియాలి. బడి వ్యాన్‌కు వేరే దారి ముందే ఖాయం చేసి తల్లిదండ్రులకు చెప్పండి.

## 9. అర్జీ ఎలా రాయాలి

"ప్రమాదకరంగా ఉంది, తగు చర్య తీసుకోగలరు" అని రాసిన అర్జీ ఫైలులోకి వెళ్లి పడుకుంటుంది. అంకెలు రాయండి.

రైల్వేవాళ్లు గేటు రద్దీని టీవీయూలో (ట్రైన్ వెహికల్ యూనిట్లలో) కొలుస్తారు: 24 గంటల్లో వెళ్లే రైళ్ల సంఖ్యను దాటే వాహనాల యూనిట్లతో గుణిస్తారు. మోటారు వాహనం, ఎడ్లబండి ఒక్కో యూనిట్; ఆటో అర యూనిట్. 60 రైళ్లు, 180 యూనిట్లు ఉంటే 10,800. ఇంటర్‌లాకింగ్ చేయడానికి 20,000గా ఉన్న పరిమితిని 2025 జులైలో 10,000కు తగ్గించారు. ఈ అంకె దాటిన గేటుకు ఇంటర్‌లాకింగ్ అడిగే ఆధారం మీ చేతిలో ఉన్నట్టే. రైల్వే తన లెక్కను మూడేళ్లకోసారి తీస్తుంది. చివరి అంకె కోసం పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ సొంత లెక్క ఒక మామూలు రోజు, ఒక సంత రోజు తీయండి. దాని మీద మళ్లీ లెక్కింపు కోరవచ్చు.

నమూనా:

> డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి,
> ఎల్‌సీ గేటు నం. ......, కి.మీ. ......, ...... – ...... స్టేషన్ల మధ్య.
> 1. గేటుకు ఉత్తరం వైపు నుంచి చూస్తే కుడి పక్కన 7 స్తంభాల దాకానే ట్రాక్ కనబడుతోంది. అడ్డం: రైల్వే హద్దులోని తుమ్మ. ఫొటో జతపరిచాం.
> 2. పట్టాల దగ్గర రోడ్డు ...... సెం.మీ. ఎత్తుగా ఉంది. ట్రైలర్లు ఆగిన తేదీలు: ......
> 3. మా లెక్క ప్రకారం 24 గంటల్లో ...... వాహన యూనిట్లు, ...... రైళ్లు. ఇంటర్‌లాకింగ్ కోసం మళ్లీ లెక్కించమని కోరుతున్నాం.

పంచాయతీ తీర్మానం జతచేయండి. ప్రతులు ఆ సెక్షన్ ట్రాక్ చూసే సీనియర్ సెక్షన్ ఇంజనీర్‌కు, పంచాయతీరాజ్ ఏఈకి, కలెక్టర్‌కు పంపండి. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ ఊళ్లు సికింద్రాబాద్, హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, గుంతకల్లు, విశాఖపట్నం డివిజన్ల కిందికి వస్తాయి. జిల్లా సరిహద్దుకూ డివిజన్ సరిహద్దుకూ సంబంధం లేదు, అందుకే స్టేషన్‌లో అడిగి రాయండి. తప్పు డివిజన్‌కు వెళ్లిన అర్జీ తిరిగి రావడానికే నెలలు పడుతుంది.

తుప్పలు, రోడ్డు, ఇంటర్‌లాకింగ్ ఒకే అర్జీలో ఉన్నా అంశాలను విడివిడిగా నంబర్లు వేసి రాయండి. వాటిని చూసేవాళ్లు వేర్వేరు. ట్రాక్ పని జరిగిన ప్రతిసారీ, వానాకాలం ముందు, కోతల ముందు మూడో దశ కొలతలు మళ్లీ తీసి పాత అర్జీ నంబరు వేసి పంపండి.